ఎనభై సెంటీమీటర్ల లోపు

మా స్టూడియో ఒక పాత భవనంలో మొదటి అంతస్తు. కింద టైలరు, పైన టైపింగ్ సెంటరు, మధ్యలో మేము. లోపలి గదికి కిటికీ లేదు. వెనక గోడకి బూడిదరంగు తెర, దాని ముందు గుండ్రటి చెక్క స్టూలు, రెండు లైట్లు, ఒక తెల్ల గొడుగు. తలుపేస్తే పట్టపగలైనా కన్ను పొడుచుకున్నా కనపడని చీకటి. లైట్ల వేడికి పాత గుడ్డా, గోడ రంగూ కలిసిన వాసన ఒకటి ఎప్పుడూ వస్తుండేది. పద్నాలుగేళ్లు ఆ వాసనలోనే బతికాం.

మేమంటే నేనూ, మా చెల్లీ. ఫోటోలు తీయడం నా పని. మిగతావన్నీ తనవి. ఏడ్చే పిల్లల్ని నవ్వించేది, పెళ్లికొడుకుల కాలర్లు సర్దేది, పాస్‌పోర్టు ఫోటోకి వచ్చి బిగుసుకుపోయిన పెద్దమనుషుల్ని "కాస్త గడ్డం దించండి బాబాయ్, ఎవరూ కొట్టరు" అని మెత్తబరిచేది. ఎవరూ లేనప్పుడు తనే స్టూలు మీద కూర్చునేది. లైట్లు సరిచూసుకోవాలంటే ఎవరో ఒకరు కూర్చోవాలి కదా. కానీ తనకి రెప్పలు ఒక్కచోట నిలిచేవి కావు. ఫ్లాష్ వెలగకముందే టపటపా కొట్టేసేది. అందుకే ఇంట్లో తన పేరు టపటప. అసలు పేరు బడి రిజిస్టరులో తప్ప ఇంకెక్కడా వినపడలేదు.

"నన్నొక్క ఫోటో సరిగ్గా తియ్యవే అక్కా" అనేది అప్పుడప్పుడు.

"కొత్త కెమెరా రానీ. రాణీగారిలా తీస్తా."

"అప్పటికి ముసలిదాన్నయిపోతా."

"పోనీలే, రెప్పలు కొట్టే ఓపికైనా ఉండదు."

ఇద్దరం నవ్వుకునేవాళ్లం.

మా పాత కెమెరాకి పట్టుకునే చోట రబ్బరు ఊడిపోయింది. వెలుతురు కాస్త తగ్గితే బొమ్మ నిండా ఇసక చల్లినట్టు గింజలు. పెద్ద స్టూడియోల వాళ్లు వాడే ఫుల్ ఫ్రేమ్ కెమెరా కొనాలన్నది ఇద్దరి కలా. దానికి ఏ లెన్స్ అన్న దగ్గరే గొడవంతా. నేను జూమ్ అనేదాన్ని. గుంపుకీ అదే, ఒక్క మనిషికీ అదే, ఒక్కదానితో పని తీరుతుంది. తను ఒప్పుకునేది కాదు.

"జూమ్ అందరి దగ్గరా ఉంటుందే. ఎయిటీ ఫైవ్ ఎమ్ఎమ్ లెన్స్ తీసుకో. అది మనిషి మొహం కోసమే పుట్టింది. వెనకాల లోకమంతా మసకైపోయి, మనిషొక్కటే మిగులుతుంది."

కెమెరా ఆర్డరు పెట్టిన నాలుగో రోజు తనకి జ్వరం తగిలింది. మామూలు జ్వరమే అనుకున్నాం. తొమ్మిదో రోజు ఆసుపత్రి మంచం మీంచి నా చెయ్యి పట్టుకుని, "రేపు బడిపిల్లల గ్రూప్ ఫోటో ఉంది, మర్చిపోకు" అంది.

ఆ రేపు తను చూడలేదు.

అమ్మ నన్ను అడిగింది ఒక్కటే. "దానిదొక మంచి ఫోటో ఇవ్వవే. గోడకి పెట్టుకుంటాను."

రెండు రోజులు కూర్చుని పద్నాలుగేళ్ల ఫోటోలన్నీ తిరగేశాను. తనవి మూడొందలకి పైనే ఉన్నాయి. అన్నీ లైటు పరీక్షలు. కళ్లు మూసుకున్నవి, సగం మొహం గొడుగు వెనకున్నవి, మాట్లాడుతుంటే నోరు చెదిరిపోయినవి. మిగతా వాటిలో మొహానికి అడ్డంగా రంగులు సరిచూసే అట్ట. ఊరందరి మొహాలూ తీసిన ఈ చెయ్యి, ఇంట్లో మొహాన్ని ఒక్కసారి కూడా తీయలేదు. అమ్మతో ఆ మాటే చెప్పాను. అమ్మ లేచి వంటింట్లోకి వెళ్లిపోయింది. తిట్టినా బాగుండేది.

కెమెరా వచ్చింది. నెల్లాళ్లు పెట్టె విప్పబుద్ధి కాలేదు. చివరికి ఓ శనివారం లెన్సులు అమ్మే కొట్టుకి వెళ్లాను. నడిపేది ఒక ముసలాయన. లెన్సులు బాగుచేస్తాడు కూడా. మేమిద్దరం తాతగారూ అనేవాళ్లం. ఆయన నన్నొక్కదాన్నే చూసి, గుమ్మం వైపు ఇంకోసారి చూసి, అర్థమై తల దించుకున్నాడు.

"జూమే కదమ్మా?"

"ఎయిటీ ఫైవ్" అంది నా నోరు.

లెన్స్ బిగించి చూపించాడు. కెమెరా తనంతట తనే మనిషి మొహాన్ని వెతికి, స్క్రీన్ మీద తెల్ల గడి గీస్తుంది. కన్ను దొరికితే ఆ గడిలోనే చిన్న గడి కంటి మీద పడుతుంది. కళ్లు మూస్తే చిన్నది పోయి పెద్దది మిగులుతుంది. మనిషి ఎంత దూరంలో ఉన్నాడో లెన్స్ మీదున్న చిన్న అద్దంలో అంకె కనపడుతుంది.

"ఒక్కటి గుర్తుపెట్టుకో. ఎనభై సెంటీమీటర్లకన్నా దగ్గరికొస్తే ఇది చూడలేదు."

మర్నాడు ఆదివారం. మధ్యాహ్నం. టైలరూ లేడు, టైపింగ్ చప్పుడూ లేదు. బయట ముసురు. లోపలి గది తలుపేసి, కెమెరాని స్టాండుకి బిగించి, ఒక్క లైటు సన్నగా వెలిగించాను. ఎదురుగా ఖాళీ స్టూలు. ఊరికే, లెన్స్ ఎలా చూస్తుందో చూద్దామని.

స్క్రీన్ మీద తెల్ల గడి పడింది.

స్టూలు మీద కాదు. స్టూలుకి పైన... కూర్చున్న మనిషి మొహం ఉండే ఎత్తులో.

తెరలో మడత ఉందేమో అనుకున్నాను. వెళ్లి తెర సాపు చేసి వచ్చాను. గడి అక్కడే ఉంది. అందులో చిన్న గడి పడింది. పోయింది. మళ్లీ పడింది. పోయింది. పడింది... పోయింది... పడింది పోయింది పడింది.

టపటపా.

ఎప్పుడు కింద కూలబడ్డానో తెలీదు. ఏడుపు రాలేదు. నవ్వొచ్చింది. పద్నాలుగేళ్ల అలవాటుగా నోట్లోంచి మాట దానంతటదే వచ్చేసింది.

"కళ్లు మూయకే... ఒక్కసారి మూయకే."

చిన్న గడి నిలిచిపోయింది.

నా మాట వింది అనుకున్నాను. పుట్టాక మొదటిసారి వింది. మీట నొక్కాను. బొమ్మలో స్టూలు మసగ్గా ఉంది, తెర మసగ్గా ఉంది. గాల్లో తేలే దుమ్ము మాత్రం ఒక్కో రేణువూ లెక్కపెట్టగలిగేంత స్పష్టంగా పడింది. మధ్యలో, మనిషి తలంత మేర, ఒక్క రేణువూ లేదు.

మళ్లీ నొక్కాను. లెన్స్ మీది అంకె రెండు మీటర్ల పది. ఇంకోసారి చూస్తే ఒకటీ డెబ్భై. తర్వాత ఒకటీ ముప్ఫై. స్క్రీన్ మీద గడి పెద్దదవుతోంది.

తను లేచి నా దగ్గరికి వస్తోంది.

"రావే" అన్నాను. "ఇంకా దగ్గరికి రా."

ఎనభై. అక్కడ లెన్స్ కిర్రు కిర్రుమని ముందుకీ వెనక్కీ వెతుక్కుంది. గడి ఆరిపోయింది. స్క్రీన్ నిండా మసక. చెయ్యి చాపితే అందేంత దూరం. చాపాను. చల్లగా, ఖాళీగా ఉంది.

మర్నాడు కొట్టు తలుపులు తీసేసరికి నేను గుమ్మంలో ఉన్నాను.

"ఇంకా దగ్గరగా చూసేది కావాలి తాతగారూ."

"మాక్రో ఉంది. ఇరవై ఎనిమిది సెంటీమీటర్ల దాకా చూస్తుంది. కానీ పురుగుల్నీ, ఉంగరాల్నీ తీయడానికమ్మా అది. నీకెందుకు?"

"మా చెల్లిని తీయాలి."

ఆయన లెన్స్ గాజుపెట్టెలోంచి తీశాడు కానీ వెంటనే ఇవ్వలేదు. "ఇంత దగ్గర్నించి మనుషుల్ని చూడకూడదు తల్లీ" అన్నాడు మెల్లగా. నేను చేతిలోంచి లాక్కున్నట్టే తీసుకున్నాను.

అమ్మతో చెప్పలేదు. ఫోటో పడ్డాకే చేతిలో పెడదామనుకున్నాను. ఆ పూట ఫోటోలకొచ్చిన ఇద్దరు ముగ్గుర్ని పంపేసి, వీధి తలుపు గడియ పెట్టి, లోపలి గదిలోకి వెళ్లాను. మాక్రో బిగించాను. ఒక్క లైటు. గోడ అవతల చూరు నీళ్ల చప్పుడు. ఇంకేమీ లేదు.

గడి పడింది. ఈసారి స్టూలు దగ్గర కాదు. నిన్న ఆగిన చోటే. ఎనభై సెంటీమీటర్ల దగ్గర... నా కోసమే రాత్రంతా అక్కడే నిలబడి ఉన్నట్టు.

కంటి మీద చిన్న గడి. కదలకుండా.

"మంచిదానివే" అన్నాను. "అలాగే ఉండు."

అరవై. నలభై ఐదు. తన తలనూనె వాసన వస్తుందేమోనని ఊపిరి గట్టిగా పీల్చాను. వచ్చింది అది కాదు. ఏళ్ల తరబడి మూత తీయని పెట్టె వాసన. లోపల ఏదో తడిసి, ఎండక, మురిగిన వాసన.

నలభై. గడి స్క్రీన్‌ని సగం నింపేసింది. కన్ను మీది చిన్న గడి అలాగే ఉంది. ఎంతసేపయింది? రెండు నిమిషాలా? మూడా?

ఒక్క రెప్ప కూడా వేయలేదు.

అప్పుడు చూశాను. గడి పక్కన చిన్న బాణం గుర్తు. ఇంకో మొహం కూడా దొరికింది, కావాలంటే అటు మారవచ్చు అని కెమెరా చెప్పే గుర్తది. గ్రూప్ ఫోటోల్లో వస్తుంది. ఒక్క మనిషే ఉంటే రాదు.

బొటనవేలితో బాణం మీట నొక్కాను. గడి ఎగిరి దూరంగా, చిన్నదై పడింది. అంకె మారింది. రెండు మీటర్ల పది.

స్టూలు.

పడింది... పోయింది... పడింది... పోయింది... టప. టపటప. టపటపటప.

నా చెల్లి స్టూలు మీదే ఉంది. నిన్నట్నించీ అక్కడే కూర్చుని ఉంది. ఎన్నడూ లేనంత వేగంగా రెప్పలు కొడుతోంది. నోరు లేని మనిషి కళ్లతో అరిచినట్టు.

మరి... నా ముందున్నది?

కెమెరా దానంతటదే దగ్గరికి మారిపోయింది. ముప్ఫై మూడు. నా మొహం కెమెరా వెనకే ఉంది. తల ఎత్తితే ఎదురుగా ఏముంటుందో చూడాలి. ఎత్తలేదు. నేనే పిలిచాను దాన్ని. రావే అన్నాను. దగ్గరికి రా అన్నాను.

ముప్ఫై ఒకటి.

"టపటపా..." అన్నాను. ఊపిరి తప్ప శబ్దం రాలేదు. "భయంగా ఉందే..."

ఇరవై తొమ్మిది.

స్క్రీన్ మూలన రెండో గడి కదిలింది. స్టూలు మీంచి లేచింది. మొదటిదానిలా అంచెలంచెలుగా కాదు. ఒక్క ఉరుకు. చిన్న గడి పెద్దదై, ఇంకా పెద్దదై, మొదటి గడిని కమ్మేసింది. స్టాండు ఊగింది. నా వేలు ఎప్పుడు నొక్కిందో నొక్కింది. ఫ్లాష్ వెలిగింది.

తర్వాత గడుల్లేవు. స్టూలు ఖాళీ. ఊరికే ఖాళీ. అంతకుముందు ఉన్న ఖాళీకీ దీనికీ తేడా నాకు తెలుసు. లైట్లన్నీ వేశాను. స్టూలు ముందు మోకాళ్ల మీద కూర్చుని పిలిచాను. పిలిచి పిలిచి గొంతు పోయింది. లెన్సులు మార్చాను, ఎయిటీ ఫైవ్ పెట్టాను, పాత కెమెరా తెచ్చాను. ఏ కెమెరాకీ అక్కడ ఎవరూ కనపడలేదు.

ఆ ఒక్క బొమ్మే మిగిలింది. దాదాపు అంతా నలుపు, బూడిద. దేనికో బాగా ఆనించి తీసినట్టు మసక. నాకేమీ అర్థం కాలేదు. జరిగింది చెప్పకుండా ఆ బొమ్మ ప్రింటు తీసి అమ్మకి చూపించాను. అమ్మ కళ్లజోడు పెట్టుకుని, కాగితాన్ని వెలుతురుకి పట్టుకుని చాలాసేపు చూసింది. తర్వాత వేలితో మధ్యన ఒక వంకర గీత మీద మెల్లగా రాసింది.

"ఇది దాని పాపిడి. ఎన్నిసార్లు దువ్వినా వంకరే. ఇదిగో మెడ." అమ్మ కాగితం ఇంకా దగ్గరికి తెచ్చుకుంది. "అటు తిరిగి నిలబడిందేమే? ఎవరి వైపు చూస్తోంది?"

నాకూ, నా దగ్గరికొచ్చినదానికీ మధ్య వచ్చి నిలబడి, నాకు వీపు చూపించింది నా చెల్లి. నేను తనకి తీసిన ఒకే ఒక్క అసలు ఫోటో అది. మొహం లేదు.

అమ్మ దాన్ని గోడకి పెట్టలేదు. దిండు కింద పెట్టుకుని పడుకుంటోంది.

స్టూడియో మళ్లీ తెరిచాను. ఎయిటీ ఫైవ్‌తో మనుషుల మొహాలు తీస్తున్నాను. తను చెప్పినట్టే ఉంది. లోకం మసకైపోయి మనిషొక్కటే మిగులుతోంది. మాక్రో మాత్రం అలమారలోనే ఉంచాను. మొన్నీమధ్య తీసి చూస్తే లోపలి అద్దం మీద రూపాయి బిళ్లంత మంచు పట్టి ఉంది. తాతగారి దగ్గరికి తీసుకెళ్లాను.

"బూజు కాదమ్మా ఇది" అన్నాడు ఆయన భూతద్దం కంటికి పెట్టుకుని. మరలు విప్పి, అద్దం తుడిచి, మళ్లీ బిగించాడు. ఇద్దరం చూస్తుండగానే మంచు మెల్లగా పట్టింది. మెల్లగా పోయింది. మళ్లీ పట్టింది. చలిలో ఎవరో అద్దానికి దగ్గరగా నిలబడి ఊపిరి వదులుతున్నట్టు... లోపలి వైపు నుంచి.

"పారెయ్యి తల్లీ" అన్నాడు. లెన్స్‌ని బల్ల మీద నా వైపు తోసేశాడు. "ఏట్లో పారెయ్యి."

ఇంటికే తెచ్చుకున్నాను. ఎలా పారేస్తాను? ఇప్పుడు చూస్తే అద్దం మీద మచ్చలు రెండు. ఒకటి నిదానంగా వస్తుంది, నిదానంగా పోతుంది. పక్కనే ఉన్న చిన్నది మాత్రం ఆగకుండా టపటపా వస్తూ పోతూ ఉంటుంది, చాలా దూరం నుంచి పరిగెడుతున్న మనిషి ఊపిరిలా.