ఫోర్ పడలేదు మేడమ్

జీపును లోయలోంచి క్రేనుతో పైకి లాగారు. నడిపిన మనిషిని అంతకు ముందే తీసి, దుప్పటి కప్పి పంపేశారు. ఆ మనిషి ఏజెంట్ నైన్‌కి బావ. చెల్లెలి మొగుడు.

చెల్లెలు ఏడవలేదు. నైన్ కూడా ఏడవలేదు. ఇద్దరూ ముందుగదిలో గోడకి ఆనుకుని కూర్చున్నారు. ఎవరో మంచినీళ్ళు తెచ్చిపెడితే తాగారు. తిమ్మిరెక్కిన కాలు మీద చెయ్యి వేస్తే ఎలా ఉంటుందో, ఒళ్ళంతా అలా ఉంది. అప్పుడు ఫోను మోగింది.

చీఫ్ గదిలో కర్టెన్లు వేసి ఉన్నాయి.

"యాక్సిడెంట్ కాదు," అన్నాడు చీఫ్. "ఆ బండిలో మాస్టారు ఉండాలి. జ్వరమొచ్చి ఆగిపోయాడు. ఆయన పెట్టెలు మాత్రమే వెళ్ళాయి."

మాస్టారంటే రిటైరైన లెక్కల మాస్టారు. విదేశీ ముఠా రేడియోలో పంపే కోడ్‌ని విప్పిన మనిషి. ఆయన్ని కొండ దిగువన ఎయిర్‌పోర్టుకి ప్రాణాలతో చేర్చాలి. అదీ మిషన్.

"రేపు పొద్దున రెండో జీపు. అదే ఘాట్ రోడ్డు. మనలోనే ఎవరో అమ్ముడుపోయారు."

"బండిని ముట్టుకునేది ఎవరు?"

"డ్రైవరు. ఎస్కార్ట్ ఆఫీసరు."

"ఆఫీసరెవరు?"

"పగడం."

అది కోడ్ నేమ్. పగడం రంగు లిప్‌స్టిక్ వేస్తుందని వచ్చింది. ఆవిడ నడిచి వెళ్తే ఆఫీసులో టైపు మిషన్లు ఆగిపోతాయని చెప్పుకునేవారు. బావ బండిలో ఎస్కార్ట్‌గా బయలుదేరింది ఆవిడే. ఘాట్ మొదలయ్యే ముందు వాంతులొస్తున్నాయని దిగిపోయింది.

"అయితే ఆవిడే," అన్నాడు నైన్.

"వాంతులు నేరం కాదోయ్. ప్రూఫ్ కావాలి. నిన్ను ఆవిడ ఎప్పుడూ చూడలేదు. మెకానిక్‌గా వెళ్ళు." చీఫ్ ఒక చొక్కా గుండీ ఇచ్చాడు. లోపల మైకు. "నేను పక్కగదిలో వింటుంటా. 'ఆయిల్ మార్చాలి' అంటే మనవాళ్ళు లోపలికొస్తారు." నైన్ చేతుల వంక చూసి అడిగాడు. "చెయ్యగలవా? నిన్ననే కదా..."

"చేతులు బాగానే ఉన్నాయి సార్."

పొద్దున్నే షెడ్డులో నైన్‌కి పెట్టుడు మీసం, మాసిన ఓవరాల్, మోచేతుల దాకా గ్రీజు. ముందుగా ఈ బండి డ్రైవర్ని సీట్లో కూర్చోబెట్టి తను బండి కింద దూరాడు.

గేరు మార్చినప్పుడు బండి కింద టక్కుమనడానికి కారణాలు చాలా. ఇంజన్ కింద రబ్బరు తెగినా టక్. చక్రాల్ని తిప్పే షాఫ్టు కీలు అరిగినా టక్. వెనక హౌసింగులో పళ్ళ మధ్య సందు పెరిగినా టక్. పాత బండికి కొంత లూజు సహజం. ఎంత సహజమన్నది చేత్తో పట్టుకుంటేనే తెలుస్తుంది. అందుకే ఈ పనికి ఇద్దరు కావాలి. ఒకడు పైన గేర్లు వెయ్యాలి, ఒకడు కింద షాఫ్టు పట్టుకోవాలి. కిందవాడి ప్రాణం పైవాడి పాదంలో ఉంటుంది.

ఫస్ట్ వేయించాడు. రివర్స్ వేయించాడు. వెనక షాఫ్టులో చిన్న చప్పుడు. ఉండాల్సిందే.

"ఇప్పుడు ఫోర్ వెయ్యి."

డ్రైవరు మారు మాట్లాడకుండా చిన్న లివరు లాగాడు. క్లచ్ కాస్త వదలగానే ముందు షాఫ్టులో టక్. ఖాళీ డబ్బా మీద కొట్టినట్టు. నైన్ వేలు పెట్టి చూశాడు. షాఫ్టుని గేర్ల పెట్టెకి పట్టి ఉంచే నాలుగు బోల్టుల్లో రెండు లేవు. తలకాయలు మాత్రం గ్రీజుతో అతికించి ఉన్నాయి. మిగతా రెండు సగం కోసి ఉన్నాయి.

మామూలు రోడ్డు మీద ముందు చక్రాలకి ఇంజన్ బలం అందదు. వంద మైళ్ళు తిప్పినా ఏమీ తెలియదు. ఘాట్ దిగేటప్పుడు ఫోర్ వేస్తారు, అంటే నాలుగు చక్రాలకీ బలం అందిస్తారు. బోల్టులు తెగుతాయి, షాఫ్టు కొన రోడ్డులో గుచ్చుకుంటుంది, బండి పల్టీ కొడుతుంది. బావ అలాగే పోయాడు.

నైన్ అది చూసి పైకొచ్చి చేతులు తుడుచుకున్నాడు. కోపం వస్తుందేమోనని కాసేపు ఆగాడు. రాలేదు.

బోల్టుల సంగతి తెలిసిన వాడు ఆ లివరు లాగడు. డ్రైవరు లాగాడు. నైన్ అతన్ని టీకి పంపి, వెనక షాఫ్టు మొత్తం విప్పి టార్పాలిన్ కింద పెట్టాడు. మళ్ళీ కింద దూరాడు. కాళ్ళు ముందు చక్రం వెనక చాపుకుని పడుకున్నాడు.

సెంటు వాసన ముందొచ్చింది.

"ఏం మేస్త్రీ, బండి కింద కాపురం పెట్టావా?"

"అద్దె తక్కువ మేడమ్. చిన్న చప్పుడొస్తోంది. డ్రైవరు టీకెళ్ళాడు. కాస్త సీట్లో కూర్చుంటారా?"

"తెల్లబట్టలయ్యా నావి."

"పెద్దాయన వెళ్ళే బండి కదా మేడమ్. చూడకుండా పంపితే నా ఉద్యోగం పోతుంది."

ఆవిడ విసుక్కుంటూ ఎక్కింది. ఇంజన్ స్టార్టయింది.

"ఫోర్ వెయ్యండి. చిన్న లివరు."

"వేశాను."

నైన్ చెవి పక్కన, లివరుతో పాటు కదలాల్సిన రాడ్డు కదల్లేదు.

"ఇంకోసారి మేడమ్."

"వేశానన్నానుగా! చెవుడా నీకు?"

"ఫోర్ పడలేదు మేడమ్. రాడ్డు నా చెవి దగ్గరే ఉంది."

పైన సీటు కిర్రుమంది.

"మొన్న కూడా అది వేసే చోటు రాకముందే దిగిపోయారట. వాంతులని."

"ఎవడ్రా నువ్వు?"

"ఆ రోజు నడిపినాయనకి బావమరిదిని."

రివర్స్ గేరు పడింది. ఇంజన్ గోలపెట్టింది. బండి కదల్లేదు.

"వెనక షాఫ్టు టార్పాలిన్ కింద ఉంది మేడమ్," అన్నాడు నైన్. "ఆయిల్ మార్చాలి."

తలుపు అవతల బూట్ల చప్పుడు. ఈలోగా రాడ్డు కదిలింది. ఆవిడ నిజంగానే ఫోర్ వేసింది. ముందు చక్రం కదిలింది. కాళ్ళు లాక్కోవచ్చు. లాక్కోలేదు. ఎందుకో తర్వాత కూడా అతనికి తెలియలేదు. టైరు మోకాలి మీదికి ఎక్కబోయింది.

టక్.

ఆవిడ కోసిన బోల్టులు రెండూ తెగాయి. షాఫ్టు చెవి పక్కన నేల మీద పడింది. చక్రం ఆగిపోయింది.

నైన్ దేక్కుంటూ బయటికి వచ్చేసరికి ఆవిడ చేతులకి సంకెళ్ళు పడ్డాయి. ఆవిడ తెల్లచొక్కా మీద ఎక్కడా మరక లేదు.

"పైవాడు వదిలేస్తే బతికానన్నమాట," అన్నాడు నైన్, ఎవరితోనో తెలియకుండా.

షాఫ్టులు రెండూ బిగించి, కొత్త బోల్టులు వేసి, ఘాట్ దాకా రెండుసార్లు తిప్పి చూసి మాస్టార్ని ఎక్కించారు. మధ్యాహ్నానికి ఎయిర్‌పోర్టు నుంచి ఫోనొచ్చింది. చీఫ్ విని పెట్టేశాడు.

"మాస్టారు క్షేమం. కానీ ఒక కంప్లైంటు ఇచ్చాడు. బండిలో కుదుపులు ఎక్కువట, నడుం విరిగిపోయిందట."

నైన్ మీసం పీకి బల్ల మీద పెట్టాడు.

"అది కుదుపులు ఆపే కమాన్ పట్టీలు సార్. వాటివల్ల ఎవరూ చావరు."