తలుపు రాయి

"తలుపు రాయి ఏదర్రా?" వంటింట్లోంచి మామ్మ కేకేసింది.

పెరటి తలుపు గాలికి వెళ్లి గోడకి ధన్‌మని కొట్టుకుంది. దాని గొళ్లెం ఊడిపోయి ఏడాదైంది. నాన్న బాగుచేయిస్తానంటూనే ఉన్నాడు. అందాకా ఒక రాయి అడ్డం పెడుతున్నారు. గేటుకి రంగు వేసినప్పుడు ఆ రాయికి కూడా ఒకవైపు నీలం రంగు అంటుకుంది.

తేజశ్రీ అప్పుడే ఒంటిపూట బడి నుంచి వచ్చి చెప్పులు విడుస్తోంది.

"దాన్ని అడుగు మామ్మా. నిన్న అదే పట్టుకెళ్లింది," అన్నాడు అన్న దుర్గాసాయి.

"నేనేం పట్టుకెళ్లలేదు! అంటే... పట్టుకెళ్లాను. మళ్లీ తెచ్చేశాను."

"తెస్తే ఏది మరి?"

"నువ్వే ఎక్కడో పడేసుంటావు. వికెట్ కింద పెట్టుకోలేదూ?"

"అది ఇటుకే తల్లీ! ఇటుకకీ రాయికీ తేడా తెలీదు. ఐదో తరగతి ఎలా పాసవుతావో ఏంటో!"

"చూడు మామ్మా వీణ్ణి!"

"బంగారం కోసం కొట్టుకునేవాళ్లని చూశాను గానీ రాయి కోసం కొట్టుకునేవాళ్లని మిమ్మల్నే చూస్తున్నాను. ముందు కాళ్లు కడుక్కోండి," అంది మామ్మ. తలుపు మళ్లీ ధన్‌మంది.

దుర్గాసాయి మజ్జిగ గ్లాసు కింద పెట్టాడు. "అన్నట్టు నీకు తెలీదు కదూ? పొద్దున్న జానీ బాబాయ్ బండి మీంచి పడిపోయాడు. చెయ్యి విరిగింది."

జానీ రోజూ పొద్దున్నే ఏలూరు నుంచి మోపెడ్ మీద బన్నులు, రస్కులు తెచ్చి పెదపాడు చుట్టుపక్కల ఊళ్లలో అమ్ముతాడు. తేజశ్రీని చూడగానే "టూటీఫ్రూటీ పాపా!" అని పిలుస్తాడు. ఎక్కువ ముక్కలున్న బన్ను వెతికి మరీ ఇస్తాడు.

"ఎలా పడ్డాడు?"

"ధాన్యం ఆరబోసే చోట రోడ్డు మీద ఎవరో రాయి వదిలేశారంట. ఎదురుగా ఆటో వస్తే పక్కకి తిప్పాడు. చక్రం రాయెక్కింది. బన్నులన్నీ రోడ్డంతా దొర్లాయి. నాన్నే ఏలూరు తీసుకెళ్లి పిండికట్టు కట్టించాడు."

తేజశ్రీ కాళ్లు కడుక్కోవడానికి వెళ్లిపోయింది.

ఎండాకాలం దాళ్వా వరి కోతలప్పుడు ఆ ఊళ్లో అందరూ రోడ్డు మీదే ధాన్యం ఆరబోస్తారు. దానికొక కట్టుబాటు ఉంది. సగం రోడ్డు ధాన్యానికి, సగం బళ్లకి. బళ్లు తొక్కకుండా ధాన్యం చుట్టూ రాళ్లు పెట్టుకోవచ్చు. పొద్దుగూకేలోగా ధాన్యం పక్కకి కుప్ప చేసి, రాళ్లన్నీ తీసేయాలి. రాయి వదిలినవాళ్లకి మూడు రోజులు రోడ్డు లేదు.

ఈ ఏడాది రాళ్ల పని తేజశ్రీది. తనే అడిగి తీసుకుంది. నిన్న ఒక రాయి తక్కువైతే తలుపు రాయి పట్టుకెళ్లింది.

సాయంత్రం రాళ్లు గమేళాలో వేసుకుంది. గమేళా బరువైపోయింది. ఒక రాయి మిగిలింది. మళ్లీ వచ్చి తీసుకెళ్దామనుకుంది. ఇంతలో ఐస్ బండి గంట వినిపించింది.

తర్వాత మళ్లీ వెళ్లిందా? వెళ్లినట్టే ఉంది. రాయి చేతిలో చల్లగా తగిలినట్టు కూడా ఉంది. కానీ చల్లగా తగిలింది రాయో, పుల్ల ఐసో సరిగ్గా గుర్తు రావట్లేదు.

నాలుగింటికి అమ్మ టీ ఫ్లాస్కు సంచిలో పెట్టి ఇచ్చింది. "నాన్నకి ఇచ్చేసి రా."

రోడ్డు మీద నలుగురు గుమికూడి ఉన్నారు. సర్పంచ్ రత్నమాణిక్యం గారు గొడుగు వేసుకుని మధ్యలో నిలబడ్డారు. ఒకవైపు నాన్న. ఇంకోవైపు ఏసోబు. ఏసోబు ఎకరం కౌలుకి చేస్తాడు. ఆయన ధాన్యం నాన్న ధాన్యం పక్కనే ఆరుతుంది.

"రాయి నీ కుప్ప దగ్గరే ఉంది కదా ఏసోబూ," అంటున్నారు సర్పంచ్ గారు.

"నేను నావన్నీ తీసేశానండి. లెక్కెట్టుకుని మరీ తీశానండి. ఐదు."

"సత్తిరాజు గారూ, మీవేమైనా మిగిలాయా?"

"లేదండి. మా పాప అన్నీ తెచ్చేశానంది," అన్నాడు నాన్న.

తేజశ్రీ చేతిలో సంచి బరువెక్కింది.

ఏసోబు తల గోక్కున్నాడు. "ఏమోనండి. ఐదనే అనుకుంటున్నాను. ఆరు పెట్టానేమో కూడానండి. రాత్రి నుంచీ ఒంట్లో బాగోలేదు. నాకే తికమకగా ఉంది." అంతలో తేజశ్రీని చూశాడు. ఆయన ముఖం తేటపడింది. "అదిగో, పాపుంది! అమ్మాయీ, నిన్న ఆఖర్లో నువ్విక్కడే ఉన్నావు కదా? నేను రాళ్లన్నీ తీశానా, లేదా? నువ్వు చూశావా?"

అందరూ తేజశ్రీ వైపు తిరిగారు.

చూసింది. ఐదు రాళ్లూ గోనెసంచిలో వేసుకుని, సంచి భుజాన పెట్టుకుని ఆయన వెళ్లడం చూసింది. అది మాత్రం బాగా గుర్తుంది.

"నాకు... తెలీదు," అంది.

"పోనీలే తల్లీ. నువ్వెందుకు చూస్తావు," అన్నాడు ఏసోబు మెల్లగా.

సర్పంచ్ గారు గొడుగు ముడిచారు. "రూలు రూలే ఏసోబూ. మూడు రోజులు రోడ్డు లేదు. ఈ చోటు కూడా సత్తిరాజు గారే వాడుకోండి."

"సోమవారం వానంటున్నారండి. తేమ పదిహేడు శాతం దాటితే కొనరు కదండి..." ఏసోబు గోనెసంచి దులుపుకుంటూ తన కుప్ప వైపు నడిచాడు.

నాన్న టీ తాగి ఫ్లాస్కు ఇచ్చేశాడు. అందరూ వెళ్లాక తేజశ్రీ రోడ్డు వారనున్న గడ్డిలో చూసింది. ఎవరో పక్కకి తీసి పడేసిన ఆ రాయి బోర్లా పడి ఉంది. పైకి మామూలు రాయే. ఇలాంటి రాళ్లు ఊళ్లో వెయ్యి ఉంటాయి. ఇది మనది కాకపోవచ్చు. కాదనే అనుకుంటూ కాలితో తిప్పింది.

నీలం.

ఎందుకు తీసుకుందో తనకే తెలీలేదు. రాయిని సంచిలో పడేసుకుని, పైన ఖాళీ ఫ్లాస్కు పెట్టుకుని ఇంటికొచ్చింది. దారిలో ఒక బన్ను కనిపించింది. చీమలు పట్టేసి ఉంది. ఎర్ర టూటీఫ్రూటీ ముక్కలు బాగానే కనిపిస్తున్నాయి.

ఇంటి దగ్గర అన్నని అడిగింది. "అన్నయ్యా, రోడ్డు ఎవరిది?"

"గవర్నమెంట్‌ది. అసలు రోడ్డు మీద ధాన్యం పొయ్యకూడదని పోలీసులు చెప్తూనే ఉంటారు."

మామ్మని అడిగింది.

"మనది కాక ఎవరిదే? మీ తాతయ్య మట్టి మోస్తేనే కదా అది రోడ్డయింది!"

రోడ్డు గవర్నమెంట్‌ది. మనది కూడా. మరి జానీ బాబాయ్‌ది కాదా? అసలు పొయ్యకూడని చోట పోస్తే, రాయి వదిలినవాళ్లదే తప్పెలా అవుతుంది? తేజశ్రీకి అంతా గజిబిజిగా ఉంది. ఏ ప్రశ్న నుంచి మొదలుపెట్టినా చివరికి ఏసోబు ముఖమే వస్తోంది. "పాపుంది" అన్నప్పుడు ఆ ముఖం ఎలా వెలిగిందో అదే వస్తోంది.

ఎవరూ చూడకుండా రాయిని తలుపు దగ్గర పెట్టేసింది.

ఏడింటికి అందరూ అన్నానికి కూర్చున్నారు. మామిడికాయ పప్పు, వడియాలు. నాన్న కలుపుతున్నాడు గానీ తినట్లేదు.

"ఏవండీ, ఆ చోటు కూడా మనకే ఇచ్చారంట కదా. రెండు రోజుల్లో ఆరిపోతుంది," అంది అమ్మ.

"ఆరిపోతుంది," అన్నాడు నాన్న. ముద్ద కలుపుతూనే, "ఏసోబు అబద్ధం ఆడే మనిషి కాదు. ఏంటో మరి," అన్నాడు.

మామ్మ చెవి రిక్కించింది. "ఇదేంటర్రా, తలుపు కొట్టుకోవట్లేదు? రాయి దొరికిందా?"

దుర్గాసాయి వంగి చూశాడు. "అరె, ఉంది! ఎక్కడ దొరికిందే?"

తేజశ్రీ ముద్ద కంచంలో పెట్టేసింది.

"రోడ్డు మీద."

దుర్గాసాయి గిరుక్కున తిరిగాడు.

"జానీ బాబాయ్ పడింది మన రాయి వల్లే. నేనే మర్చిపోయాను. ఐస్ బండి వచ్చింది. అన్నీ తెచ్చేశానని నాన్నకి చెప్పాను. అప్పుడు నిజంగా అలాగే అనుకున్నాను. కానీ ఏసోబు మామయ్య అడిగినప్పుడు మాత్రం తెలిసే చెప్పలేదు. ఆయన ఐదు రాళ్లూ తీసుకెళ్లడం నేను చూశాను."

నాన్న ఆమె వైపే చూస్తున్నాడు. తిడతాడనుకుంది. తిడితేనే బాగుండేది.

"నేను కూడా అందరి ముందూ మనవి కాదనేశానమ్మా," అన్నాడు. "ఇంటికొచ్చి మన రాళ్లు చూసుకోకుండానే అనేశాను."

తేజశ్రీ కంచం పక్కకి జరిపింది.

"ఇప్పుడు ఏసోబు మామయ్య ఇంటికెళ్లి చెప్తాను. అక్కణ్నుంచి సర్పంచ్ గారికి కూడా. ఆయన చోటు ఆయనకే ఇచ్చేయమంటాను. మూడు రోజులు రోడ్డు లేనిది మనకి. రేపు ఆదివారం కదా, నాన్నతో ఏలూరు వెళ్లి జానీ బాబాయ్‌కి కూడా నేనే చెప్తాను."

"మరి మన ధాన్యం?" అంది అమ్మ.

"మేడ మీద పోద్దాం. నేను మోస్తాను."

"గమేళాతోనా?" అన్నాడు దుర్గాసాయి. "వచ్చే దాళ్వా దాకా మోస్తూనే ఉంటావు." కంచంలోకి చూస్తూ గొణిగాడు. "సరేలే, నేనూ పడతాను."

"మేడ మీద ఎంత పడుతుందే, మహా అయితే పాతిక బస్తాలు. మిగతాది?" అంది అమ్మ.

నాన్న చెయ్యి కడుక్కుని చొక్కా తగిలించుకున్నాడు. "పద. నువ్వు చెప్పు. నేను పక్కనుంటాను. తర్వాత నా మాట నేను చెప్పుకుంటాను."

తేజశ్రీ తలుపు దగ్గరికెళ్లింది. వంగి, రాయిని రెండు చేతులతో ఎత్తుకుంది. నీలం వైపు పైకి పెట్టుకుంది.

వాళ్లు గేటు దాటేసరికి వెనక తలుపు ధన్‌మని కొట్టుకుంది.

ఈసారి మామ్మ తన పీట తెచ్చి తలుపుకి అడ్డం పెట్టింది.