అడుగేసేది నేను

ఇంట్లో కుక్కర్ ఇంకా కూత పెట్టలేదు. స్వరాజ్యమ్మ చప్పుడు కాకుండా పెరటి తలుపు గడియ తీసింది. తన ఇంట్లో తనే దొంగలా గడియ తీసుకోవలసి వచ్చిందని ఒళ్ళు మండిపోతోంది ఆవిడకు.

బాత్‌రూమ్‌లో కాలు జారి పడిన దగ్గర్నుంచి కొడుకు త్రివిక్రమరావు పెట్టిన రూలది. ఎవరో ఒకరు చెయ్యి పట్టుకుంటే తప్ప ఆవిడ పెరట్లోకి పోకూడదు. పామర్రు హైస్కూల్లో డ్రిల్లు టీచరుగా వందలమంది పిల్లల్ని ఈల ఊది నడిపించిన మనిషి, ఇప్పుడు సూరత్‌లో నాలుగు కరివేపాకు రెబ్బల కోసం కోడలి చెయ్యి పట్టుకుని నడవాలి. ఎలా ఉంటుంది మరి?

పెరట్లో మట్టీ రాళ్ళూ తగలకుండా కరివేపాకు చెట్టు దాకా చెక్క పలకలు పరిచి డెక్ వేయిద్దామన్నది కూడా కొడుకే. వడ్రంగి మిస్త్రీ చూసుకోమని రెండు రకాల పలకలు పంపిస్తే, పెరటి మెట్టు దగ్గరే పరిచారు. ఒకటి నున్నది. రెండోది పొడవునా గాడులు తీసినది.

"గాడులదే ఖాయం. ప్లాంటులో మెట్లన్నిటికీ గరుకు రేకులే వేయించాను. ఒక్కడంటే ఒక్కడు జారలేదు," అన్నాడు రాత్రి. హజీరా ఫ్యాక్టరీలో సేఫ్టీ మేనేజరు కదా, ఆయన మాటకు తిరుగులేదు.

"నడిచేది నేను కదరా, నన్నడగవే?"

"ఇవన్నీ నీకేం తెలుస్తాయమ్మా!" అని నవ్వేశాడు.

ఆ నవ్వే ఆవిడకు రాత్రంతా గుచ్చుకుంది. అందుకే ఇప్పుడు రెండు పలకల మీదా వట్టి కాళ్ళతో అటూ ఇటూ నడిచింది. ఎవరూ పట్టుకోలేదు, పడలేదు. గెలిచినదానిలా లోపలికొచ్చి కుర్చీలో కూర్చుంది.

కాఫీ తెచ్చిన వసంతలక్ష్మి గుమ్మంలోనే కేక పెట్టింది.

"అయ్యో అత్తయ్యా! ఈ రక్తమేంటి?"

తెల్లటి టైల్స్ మీద తలుపు నుంచి కుర్చీ దాకా ఎర్రటి మచ్చలు. ఎడమ కాలి బొటనవేలిలో ఇంత పొడుగు చెక్కపేడు దిగి ఉంది. స్వరాజ్యమ్మ వంగి చూసుకుని గబుక్కున కాలు చీరలోకి లాక్కుంది.

"ఏం లేదు లేవే, గీరుకుంది."

ప్లాంటు బూటు ఒకటి తొడుక్కుని, రెండోది చేత్తో పట్టుకునే పరిగెత్తుకొచ్చాడు త్రివిక్రమరావు. విషయం అర్థమవగానే మొహం కందిపోయింది.

"ఒంటరిగా వెళ్ళొద్దన్నానా? చిన్నపిల్లవా నువ్వు? రేపట్నుంచి ఆ తలుపుకు తాళమే!"

"వేసి చూడు! పగలగొట్టుకునైనా పోతాను!"

"నీ మొండితనం నీదే కానీ మా భయం నీకు పట్టదు!"

"ఏమండీ, కాసేపాగండి," అంటూ వసంతలక్ష్మి కింద కూర్చుని అత్తగారి పాదం ఒళ్ళోకి తీసుకుంది. చిన్న పట్టకారుతో పేడును లాగింది. లోతుగా దిగిందేమో, రక్తం బొటబొటా కారింది. స్వరాజ్యమ్మ మాత్రం కొడుకును గుడ్లురిమి చూస్తూనే ఉంది. కాలు కదపలేదు, రెప్ప కూడా ఆర్పలేదు.

త్రివిక్రమరావు గొంతు తగ్గిపోయింది.

"అమ్మా... అది లాగితే నీకు తెలీలేదా?"

దాచిందంతా బయటపడిపోయింది, ఇంక లాభం లేదు.

"తెలీదురా. ఆ వేళ్ళు మొద్దుబారి చాన్నాళ్ళయింది. షుగరు తినేసింది."

"మరి చెప్పవేం?"

"చెప్తే ఏం చేస్తావో ఇప్పుడే నీ నోటితో అన్నావుగా! తాళం!" ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి, అయినా తల దించలేదు. "మంచంలో పడుకోబెట్టి అన్నం ముద్దలు పెడతావు. ప్రేమగానే పెడతావు, నాకు తెలుసు. నాకొద్దురా ఆ ప్రేమ. కాళ్ళున్నన్నాళ్ళూ నా కాళ్ళతో నేను నడుస్తాను."

వసంతలక్ష్మి కట్టు కట్టగానే ఆవిడ లేచింది. "రా, చూద్దువుగాని," అని పెరటి మెట్టు దాకా నడిచింది. గాడుల పలక అంచు లేచిపోయి ఉంది. రక్తం మరకా అక్కడే ఉంది.

"మీ ప్లాంటులో అందరికీ బూట్లుంటాయి. మన కొంపలో చెప్పులు గుమ్మం దగ్గరే విడుస్తాం. రేపు ఈ డెక్ మీదా అంతే. నున్న పలకైతే ముల్లు పడినా, రాయి పడినా నా కంటికి ఆనుతుంది. గాడిలో దాక్కుంటే నాకెవరు చెప్తారు? కాలు చెప్పదు. కన్నే చెప్పాలి."

"వానకు జారితే?"

"వానలో బయటికొచ్చేంత పిచ్చిదానిలా ఉన్నానట్రా?"

త్రివిక్రమరావు మెట్టు మీద కూలబడ్డాడు. తొడుక్కున్న బూటు విప్పాడు. మేజోళ్ళు కూడా తీసేశాడు. ఈ ఇంటికొచ్చాక అతను పెరట్లో వట్టి కాలు పెట్టడం అదే మొదలు. నున్న పలక మీద నడిచాడు, గాడుల పలక మీద నడిచాడు. అంచు దగ్గర ఆగి, తల్లి రక్తం మరక చూస్తూ ఉండిపోయాడు.

అంతలో ఫోను మోగింది. మిస్త్రీ. ఏ చెక్కో చెప్తే పని మొదలుపెడతాడట.

అతను ఫోను తల్లి చేతికిచ్చాడు. "నువ్వే చెప్పమ్మా."

స్వరాజ్యమ్మ గొంతు సవరించుకుంది. "భయ్యా! చిక్నా వాలా. హా, చిక్నా! దూస్రా నహీ, బిల్కుల్ నహీ!" నున్నదే కావాలని, రెండోది వద్దే వద్దని పక్కింటి వాళ్ళకు కూడా వినిపించేలా చెప్పింది.

"కానీ అత్తయ్యా, మెత్తటి చెప్పులు తెప్పిస్తాను, డెక్ మీద వేసుకోవాలి. రోజూ సాయంత్రం పాదాలు నాకు చూపించాలి," అంది వసంతలక్ష్మి.

"ఇంట్లో చెప్పులా? ఛీ!"

"దాచిపెట్టినందుకు శిక్ష. ఒప్పుకుంటారా, లేదా?"

"సరే లేవే, వేసుకు చస్తాను." కోడలి నెత్తిన చిన్న మొట్టికాయ వేసింది.

తర్వాత ఆవిడ కోడలి చెప్పులు తొడుక్కుని మట్టిలోకి దిగింది. కళ్ళు నేల మీదే పెట్టి, కరివేపాకు చెట్టు వైపు ఒక్కో అడుగే వేస్తోంది. త్రివిక్రమరావు వెనకే నడిచాడు. ఆవిడ కాస్త తూలేసరికి అతని చెయ్యి దానంతటదే ముందుకొచ్చింది.

"చెయ్యి దించు," అంది ఆవిడ, వెనక్కి తిరక్కుండానే.

దించాడు. రాళ్ళు తన పాదాలకు గుచ్చుకుంటుంటే, కళ్ళు తుడుచుకుంటూ తల్లి వెనకాలే నడిచాడు.