నాలుగో ఛాంబర్ కొలత

టేపుతో కొలవాలంటే ఇద్దరు కావాలి. ఒకరు ఈ చివర, ఒకరు ఆ చివర. నందిగామలో క్రాంతికుమార్ గారి కాంట్రాక్టు ఆఫీసులో చేరి రెండేళ్లయినా జాయిస్‌కి ఎప్పుడూ ఆ చివరే దక్కేది. కొలత చదివేదీ, రాసుకునేదీ, పార్టీతో మాట్లాడేదీ ఈ చివరున్న మగవాళ్లు. సివిల్ డిప్లొమా ఫస్టు క్లాసులో పాసైన పిల్ల, బూజు పట్టిన మూలల్లో టేపు కొస వేలితో నొక్కిపెట్టుకుని నిలబడేది.

అందుకే మే నెలలో ఆఫీసుకి లేజర్ పరికరం వచ్చినప్పుడు అందరికంటే ఎక్కువ సంబరపడింది తనే. హైదరాబాదులో కొంతమంది కుర్రాళ్లు పెట్టిన కొత్త కంపెనీ తయారు చేసిందది. అగ్గిపెట్టెంత ఉంటుంది. ఫోను వెనక తగిలించి బటన్ నొక్కితే ఎర్రచుక్క వెళ్లి ఎదుటి గోడ మీద వాలుతుంది. ఎంత దూరమో ఫోనే తెలుగులో చదివి చెబుతుంది. ఆ కంపెనీ నుంచి గీతాంజలి అనే అమ్మాయి ఫోన్లో గంటసేపు ఓపిగ్గా నేర్పించింది.

"పొడవు మూడుసార్లు కొలవండి మేడమ్. మూడూ ఒకటే వస్తే సేవ్ చేసుకోండి. ఇంక మీకు రెండో మనిషితో పనే లేదండి."

ఆ చివరి మాట జాయిస్ చెవులకి ఎంత హాయిగా ఉందో చెప్పలేం.

వారం తిరక్కుండానే అవకాశం వచ్చింది. గరికపాడు దగ్గర హైవే పక్కన వీరరాఘవయ్య గారి మిర్చి కోల్డ్ స్టోరేజీ. అందులో నాలుగో ఛాంబర్ గోడలకి అంటించిన థర్మోకోల్ ఊడిపోతోంది. కొత్త ప్యానెళ్లు వేయాలి. సాయంత్రం ఐదులోగా కొలతలు అందితే ఆర్డరు ఆ రోజే వెళ్లిపోతుంది.

"ఒక్కదానివే వెళ్లగలవా?" అన్నాడు క్రాంతికుమార్. "కొలత తప్పితే ప్యానెళ్లు వెనక్కి తీసుకోరు. అది గుర్తుపెట్టుకో."

"వెళ్తా సార్. కొలత తప్పదు" అంది జాయిస్.

రెండున్నరకి అక్కడ బస్సు దిగింది. రోహిణి కార్తె ఎండ రోడ్డు మీద నీళ్లలా తళతళలాడుతోంది. ధాబాల ముందు లారీల కింద నీడ చూసుకుని డ్రైవర్లు పడుకున్నారు. కోల్డ్ స్టోరేజీ గేటు దాటగానే మిర్చి ఘాటు ముక్కులోకి దూరి నాలుగు తుమ్ములొచ్చాయి. వాచ్‌మన్ ఏలీయా అరవై దాటిన మనిషి. సన్నగా, వంగిపోయి ఉన్నాడు. కుండలో నీళ్లు ముంచి ఇచ్చి, ఆమె తాగేదాకా ఆగి, తాళాల గుత్తి తీసుకున్నాడు.

మూడు ఛాంబర్లూ బస్తాలతో నిండి ఉన్నాయి. వాటి యంత్రాలు గోడల వెనక ఎక్కడో రొద పెడుతున్నాయి. నాలుగోది ఖాళీ. రిపేరు కోసం అందులో కరెంటు కూడా తీసేశారు.

తలుపు జానెడు మందం. దాని గడియ మీద చెయ్యి వేసి ఏలీయా ఆగిపోయాడు.

"నేను లోపలికి రానమ్మా. ఇక్కడే తలుపుకి అడ్డంగా స్టూలేసుకుని కూర్చుంటా. మధ్యమధ్యలో పిలుస్తా. నువ్వు పలకాలి."

"ఎందుకు బాబాయ్?"

ఆయన గడియ తీస్తూ, ఆమె మొహం చూడకుండా చెప్పాడు. మూడేళ్ల కింద బస్తాలు వేసే ముఠాలో బెన్ని అనే కుర్రాడుండేవాడు. ఒక శనివారం సాయంత్రం అందరూ బయటికొచ్చేశారనుకుని ఏలీయా ఈ తలుపు వేశాడు. లైట్లు ఆర్పాడు. సోమవారం పొద్దున తీశాడు.

"లోపలి గడియ పాడైపోయి ఉంది తల్లీ. ఆ చీకట్లో గోడలు తడుముకుంటూ తలుపు కోసం తిరిగాడు. గోడలకి పట్టిన మిరప దుమ్ములో చెయ్యి రాసుకుపోయిన చార... ఛాతీ ఎత్తులో... నాలుగు గోడల చుట్టూ. తలుపు మీదుగా కూడా వెళ్లింది ఆ చార. ఇదే తలుపని తెలుసుకోలేకపోయాడు." కండువాతో మొహం తుడుచుకున్నాడు. "లోపలెవరన్నా ఉన్నారా అని ఒక్క కేక వేసుంటే సరిపోయేది. వెయ్యలేదు. ఇప్పుడు ఇంట్లో బాత్రూమ్ తలుపు మూసేముందు కూడా కేకేస్తా. మా ఇంటిది నవ్వుద్ది."

"పలుకుతాలే బాబాయ్" అంది జాయిస్.

లోపల చల్లగా ఉంది. యంత్రం ఆగి నెలైనా గోడల్లో ఇంకా చలి మిగిలినట్టుంది. పాత మిర్చి వాసన, తడి గోనె వాసన, వాటి కింద ఇంకేదో పులిసిన వాసన. తలుపు సందులోంచి వెలుగు చీరంత వెడల్పున నేల మీద పడి, నాలుగడుగుల తర్వాత చీకట్లో కలిసిపోయింది. టార్చి వేస్తే దుమ్ము తప్ప ఏమీ కనబడలేదు. పెద్ద గది. అవతలి గోడ దాకా ఆ వెలుతురు చేరలేదు.

గీతాంజలి చెప్పినట్టే తలుపు పక్క గోడకి వీపు ఆనించి నిలబడింది. ఫోను ఛాతీకి ఎదురుగా పట్టుకుంది. బటన్ నొక్కింది.

"ఇరవై తొమ్మిది మీటర్ల అరవై" అంది ఫోను. ఆ గొంతు ఖాళీ గదిలో తిరిగి తిరిగి వచ్చింది.

"అమ్మా, ఉన్నావా?" ఏలీయా కేక.

"ఉన్నా బాబాయ్."

రెండోసారి నొక్కింది. ఇరవై తొమ్మిది అరవై. బాగుంది. మూడోసారి నొక్కింది.

"ఇరవై ఆరు మీటర్ల పది."

చెయ్యి కదిలిందనుకుంది. ఊపిరి బిగబట్టి మళ్లీ నొక్కింది. ఇరవై ఐదు నలభై. దుమ్ము అడ్డొచ్చిందేమో. తలెత్తి ఎర్రచుక్క కోసం చూసింది. కనబడింది. చీకట్లో, మనిషి ఛాతీ ఎత్తులో, చిన్న నిప్పురవ్వలా. గోడ మీద పడ్డ చుక్క కదలకూడదు. అది మెల్లగా పెద్దదవుతూ, తగ్గుతూ ఉంది. ఎవరో ఊపిరి పీలుస్తున్నట్టు.

"అమ్మా, ఉన్నావా?"

"ఉన్నా... ఉన్నా బాబాయ్."

బయటికి వెళ్లిపోదామనుకుంది. కానీ వెళ్లి ఏం చెప్పాలి? ఇద్దరు లేకపోతే ఆడపిల్ల కొలవలేకపోయిందంటారు. మళ్లీ టేపు కొస చేతికొస్తుంది. పళ్లు బిగించి, ఆగకుండా కొలిచే మీట నొక్కింది.

"ఇరవై మూడు ఇరవై... ఇరవై రెండు యాభై... ఇరవై ఒకటి డెబ్బై..."

అప్పుడు వినబడిందా చప్పుడు. పొడి గోడ మీద అరచెయ్యి రాసుకుపోతున్నట్టు. స్... స్... ఆగుతుంది. మళ్లీ స్... ఎటు నుంచో తెలియడం లేదు. కుడి నుంచా, ఎడమ నుంచా. మిర్చి ఘాటు ఉన్నట్టుండి పెరిగి కళ్లమ్మట నీళ్లు కారాయి.

"పద్దెనిమిది... పదిహేడు ముప్ఫై..."

"అమ్మా, ఉన్నావా?"

"ఉన్నా" అంది. ఇంకాసేపటికి మళ్లీ పిలిస్తే, ఎలాగో "ఊఁ" అంది. అది నాలుగోసారి. ఆ తర్వాత నోరు తెరవలేకపోయింది.

ఎడమ పక్కకి చూపు తిప్పింది. చీరంత వెడల్పున్న వెలుగు ఇప్పుడు తాడంత అయింది. తలుపు మూసుకుపోతోంది! బాబాయ్ అని అరవబోయింది. నాలుక అంగిట్లో అంటుకుపోయింది. చెయ్యి చాపితే అందాల్సిన తలుపు. చాపింది. అందలేదు. వీపు వెనక గోడ మాత్రం గట్టిగా, చల్లగా ఆనుకునే ఉంది. అదొక్కటే ధైర్యం. ఇంకాస్త గట్టిగా ఒత్తుకుంది.

"తొమ్మిది... ఎనిమిది పది..."

వెలుగు దారమంత అయింది.

"నాలుగు... మూడు ఇరవై..."

చుక్క బాగా దగ్గరికొచ్చేసింది. దాని వెనక ఏమీ లేదు. గోడ లేదు. మనిషి లేడు. చుక్క వాలడానికి మాత్రం ఏదో ఉంది.

"ఒకటి... అరవై సెంటీమీటర్లు... ఇరవై..."

ఎవరో చాలా దగ్గరగా, చాలా అలసిపోయిన గొంతుతో గుసగుసలాడారు.

"తలుపు... ఎటండీ?"

"సున్నా" అంది ఫోను.

ఆ తర్వాత జాయిస్‌కి గుర్తున్నది పరుగు. దారమంత వెలుగు వైపు, కాళ్లు తడబడుతూ, కళ్లు మండుతూ ఒకటే పరుగు. ఏలీయా భుజం పట్టుకుంది. ఇద్దరూ ఎండలోకి వచ్చి కూలబడ్డారు.

"తలుపెందుకు మూశావు బాబాయ్? చీకట్లో పడి పరిగెత్తుకొచ్చా" అంది ఏడుస్తూ.

ఏలీయా తెల్లబోయాడు. "మూయడమేంటమ్మా? వీపు దానికి ఆనించే కూర్చున్నాగా. వెంట్రుక వాసి కదల్లేదు."

"నేను పలక్కపోతే లోపలికెందుకు రాలేదు మరి?"

"పలికావుగా తల్లీ! పదకొండుసార్లు పిలిచా. పదకొండుసార్లూ ఉన్నానన్నావు."

"నాలుగుసార్లే పలికా నేను."

ఏలీయా తాళాల గుత్తి నేల మీద పెట్టాడు. లేచి, తలుపు దగ్గరికెళ్లి, లోపలికి తొంగిచూడకుండా కేక వేశాడు.

"ఒరే బెన్నీ... తలుపు ఇటుందిరా. ఇటు రా అయ్యా."

ఎవరూ పలకలేదు. అయినా ఆ పూట తలుపు మూయలేదాయన. తెరిచే వదిలేసి, స్టూలు అక్కడే ఉంచి, జాయిస్‌ని బస్సెక్కించడానికి రోడ్డు దాకా వచ్చాడు. బస్సు కదిలేముందు కిటికీ దగ్గరికొచ్చి, "ఇంకో మాటమ్మా" అన్నాడు. "నువ్వు పరిగెత్తుకుంటూ వచ్చానంటున్నావు. నాకు పరుగు చప్పుడు వినబళ్లేదు. తల తిప్పేసరికి పక్కనే నిలబడున్నావు."

మొదటి రెండు కొలతలూ ఒకటే కాబట్టి, ఇరవై తొమ్మిది అరవై అని క్రాంతికుమార్‌కి రాసిపంపింది. వెడల్పూ ఎత్తూ వీరరాఘవయ్య గారి పాత ప్లానులోంచి తీసింది. ఆర్డరు వెళ్లింది. క్రాంతికుమార్ మెచ్చుకున్నాడు కూడా. ఇంటికెళ్లాక అమ్మ సౌభాగ్యమ్మ నూనె రాసి ప్రార్థన చేసింది. నిద్ర మాత్రం పట్టలేదు. మంచం మీద ఎటు తిరిగి పడుకున్నా వీపుకి ఏదో ఆనుకున్నట్టే ఉంది. లేచి కూర్చుంది. వాకిట్లోకెళ్లి వచ్చింది. పరికరం పాడైందని ఎవరన్నా ఒక్క మాట చెబితే చాలనిపించింది. మర్నాడు పొద్దున్నే కంపెనీకి ఫిర్యాదు పెట్టింది.

మూడో రోజు మధ్యాహ్నం ఆఫీసులో ఉండగా గీతాంజలి ఫోన్ చేసింది.

"మీ రికార్డు మొత్తం చూశానండి. పరికరంలో లోపమేం లేదు మేడమ్. కొలతలన్నీ కరెక్టే."

"ఎలా కరెక్టండీ? ఎదురుగా ఏదో నా మీదకి వచ్చినట్టు చూపించింది."

"అదేనండీ చెప్పబోయేది. చెయ్యి వణికితే సరిచేయడానికి మా యాప్ ఫోను కదలికలు కూడా రాసుకుంటుంది. ఎదురుగా ఉన్నదేదో కదల్లేదండి. గోడే అది. కదిలింది మీరు. ముప్ఫై తొమ్మిది అడుగులు వేసుకుంటూ తిన్నగా ఆ గోడ వైపు నడిచారు."

జాయిస్ కుర్చీ చెయ్యి గట్టిగా పట్టుకుంది. "నేను నడవలేదండి. మొదట్నుంచి చివరిదాకా నా వీపు గోడకే ఆనుకుని ఉంది."

అవతల కీబోర్డు టకటకలు వినబడ్డాయి.

"మేడమ్... మరి తర్వాత మీరు బయటికి ఎలా వచ్చారు?"

"పరిగెత్తుకుంటూ వచ్చా. ఫోను చేతిలోనే ఉంది."

గీతాంజలి గొంతు బాగా తగ్గించింది. పక్కనెవరూ వినకూడదన్నట్టు.

"వెళ్లిన అడుగులన్నీ ఉన్నాయండి. మళ్లీ మళ్లీ చూశాను. తిరిగొచ్చిన అడుగు ఒక్కటీ లేదండి."