ఏజెంట్ ఇంద్రసేనయ్యకు రాని వైఫై

పదకొండూ నలభై ఎనిమిది.

ఎమ్మిగనూరులో మూతపడిన మగ్గాల షెడ్డులో ఏజెంట్ విజయ్‌ని కుర్చీకి కట్టేసి, కింద బాంబు పెట్టి, విదేశీ ముఠా వెళ్ళిపోయింది. పన్నెండుకు పేలుతుంది. ముట్టుకుంటే ఇప్పుడే పేలుతుంది. దాన్ని ఆపే కోడ్ నెట్ మీదుగా, అదీ ఒకే ఒక్క లినక్స్ లాప్‌టాప్ నుంచి వెళ్ళాలి.

ఆ లాప్‌టాప్ ఆదోనిలో, పత్తి బ్రోకరు వేషంలో ఉన్న ఏజెంట్ ఇంద్రసేనయ్య ఒళ్ళో ఉంది. దానికి వైఫై రావడం లేదు.

రెండు రోజులుగా రావడం లేదు. ఆ సంగతి ఆయన ఎవరికీ చెప్పలేదు. బ్రీఫింగులో చీఫ్ "లినక్స్ ఎవరికొచ్చు?" అన్నప్పుడు చెయ్యెత్తింది ఈయనే. అప్పటికి చూసింది లినక్స్ నేర్పే వీడియోలో సగం. మిగతా సగం చూద్దామనుకునేలోపు ఇంటికి చుట్టాలొచ్చారు.

చెవిలో దాచిన ఇయర్‌పీస్‌లో విజయ్ గొంతు. "ఏమాయన్నా? కోడ్ పంపిస్తివా?"

"పోతాండాదప్పా. సర్వర్ బిజీ."

"నువ్వుండావనే నిమ్మళంగా కూసోనుండా."

ఇంద్రసేనయ్య తెర మీద వైఫై గుర్తును ఇంకోసారి నొక్కాడు. వైఫైని నడిపే డ్రైవర్ సాఫ్ట్‌వేర్ దింపాలంటే నెట్ కావాలి. నెట్ రావాలంటే డ్రైవర్ కావాలి. ఇంత పకడ్బందీ కుట్ర ఏ ముఠా వల్లా కాదు.

తలుపు చప్పుడు. బయట ఆడగొంతు.

"హాలహర్విలో వాన పడెనా?"

"చిప్పగిరి దాకా వచ్చి తిరుక్కొని పాయ."

కోడ్‌వర్డ్ సరిపోయింది. లహరి లోపలికొచ్చింది. విత్తనాల కంపెనీ ఆఫీసరు వేషం, నల్ల కళ్ళద్దాలు, లిప్‌స్టిక్‌లో కెమెరా. ముఠా జీతం తింటూ మనకు పనిచేసే డబుల్ ఏజెంట్.

"నేను కొట్టుకొచ్చిచ్చిన కోడ్ ఏం చేసినావన్నా? టైమర్ ఇంగా తిరుగుతాండాది!"

"డ్రైవర్లు అప్‌డేట్ అయితాండాయమ్మా."

"నెట్ లేకుండానా?"

ఆయన లాప్‌టాప్ మూత సగం దించాడు.

"ఫోన్‌కు కేబుల్ పెట్టి నెట్ తీసుకోకపోతివా?"

"బస్టాండులో కొన్న కేబులు. ఛార్జింగుకే."

పదకొండూ యాభై ఏడు. లహరి లాప్‌టాప్ లాక్కుని ఒక కమాండ్ కొట్టింది. తెర మీద ‘హార్డ్ బ్లాక్డ్: యెస్’ అని వచ్చింది.

"డ్రైవర్ బాగానే ఉండాది. లాప్‌టాప్ పక్కనుండే వైఫై స్విచ్ ఆపిండారు. యాడుంది?"

స్విచ్ ఉండాల్సిన చోట ఎండిన గంధం, మీద కుంకుమ బొట్టు.

"ఇదేందన్నా?"

"మొన్న ఆయుధ పూజ కదమ్మా. పిస్తోలుకు పెట్టి దీనికి పెట్టకుంటే బాగుండదని..."

"రుద్ది రుద్ది స్విచ్ జరిపేసినావు!"

ఆమె జడలోంచి విషపు పిన్ను లాగి గంధం గీకింది. స్విచ్ క్లిక్కుమంది. పదకొండూ యాభై తొమ్మిదీ నలభై. వైఫై గీతలు లేచాయి. కోడ్. ఎంటర్.

తర్వాత విజయ్ గొంతు. "నిలిచిపాయన్నా. ఇంగ రెండు సెకండ్లే ఉండాయి."

"దేవుడు చల్లగా చూసినాడప్పా."

"దేవుడా, గంధమా అన్నా?"

మైకు ఆన్‌లోనే ఉంది. మొత్తం విన్న విజయ్ నవ్వలేదు. "చీఫ్‌తో నేనేం చెప్పన్లే," అన్నాడు. నవ్వి ఉంటేనే బాగుండేదనిపించింది ఇంద్రసేనయ్యకు.

చీఫ్ ఫోన్ చేశాడు. "శభాష్! వచ్చే నెల నుంచి కొత్త ఏజెంట్లకు లినక్స్ నువ్వే నేర్పాలయ్యా. వీలవుతుందా?"

లహరి కళ్ళద్దాలు తీసి మరీ చూస్తోంది. నిజం చెప్పడానికి ఇంతకంటే మంచి సమయం జీవితంలో రాదు.

"దానికేముంది సార్!" అన్నాడు ఇంద్రసేనయ్య.