చేతులు మారే ఫోను

ఆ ఉదయం కూడా బస్సు ఎప్పటిలాగే వచ్చి ఆగింది. ఎక్కడానికి ఆమె కింద నిలబడి ఉంది. దిగడానికి ఆమె భర్త మెట్టు మీద నిలబడి ఉన్నాడు. ఆయన రాత్రంతా బేకరీలో బట్టీ దగ్గర పనిచేసి వస్తాడు. ఆమె పగలంతా ఆసుపత్రి లాండ్రీలో దుప్పట్లు మడతపెట్టడానికి వెళ్తుంది. ఆయన్ని దించిన బస్సే ఆమెను ఎక్కించుకుంటుంది.

ఆయన దిగి, చొక్కా జేబులోంచి ఫోను తీసి ఆమె చేతిలో పెట్టాడు.

"ఛార్జింగు సగమే ఉంది," అన్నాడు.

"సరేనండి."

"మధ్యలో దానంతటదే ఆరిపోతోంది."

"నిన్న నేనూ చూశాను."

బస్సు కదిలింది. ఆ పూటకి వాళ్ళ సంసారం అంతే. సాయంత్రం అదే స్టాపులో ఆమె దిగుతుంది, ఆయన ఎక్కుతాడు. ఫోను ఆమె చేతిలోంచి ఆయన చేతిలోకి పోతుంది. కూతురు చిన్నగా ఉన్నప్పుడు, ఇద్దరిలో ఒకరు ఎప్పుడూ ఇంట్లో ఉండాలని అడిగి మరీ ఇలా షిఫ్టులు వేయించుకున్నారు. కూతురు పెద్దదైంది గాని షిఫ్టులు మాత్రం అలాగే ఉండిపోయాయి. ఫోను సంగతీ అంతే. అప్పట్లో ఒకటి కొనుక్కోగలిగారు, ఇంట్లో నిద్రపోయేవాళ్ళకి ఫోనెందుకు, బయటికి వెళ్ళేవాళ్ళ దగ్గరుంటే చాలనుకున్నారు. ఆ తర్వాత దాని గురించి మళ్ళీ ఆలోచించలేదు.

వాళ్ళు పోట్లాడుకున్నది లేదు. పోట్లాడుకోవాలన్నా ఇద్దరూ ఒకేసారి మెలకువగా ఉండాలి గదా. సెలవు రోజులు కూడా కలవవు. ఆమెకు ఆదివారం సెలవు, ఆయనకి వారం మధ్యలో. మొదట్లో ఆమెకి దిగులుగా ఉండేది. కొన్నాళ్ళకి ఆ దిగులూ పోయింది. ఏమీ అనిపించకపోవడమే అలవాటైపోయింది. ఎవరైనా ఎలా ఉన్నావని అడిగితే బాగానే ఉన్నానంటుంది. అది అబద్ధమూ కాదు, నిజమూ కాదు.

లాండ్రీలో మధ్యాహ్నం అన్నం వేళ ఆమె సూది తీసుకుని ఫోను ఛార్జింగు కన్నంలో గడ్డకట్టిన పిండిని గీకుతుంటే పక్కనున్న పెద్దావిడ నవ్వింది. దుప్పటికి ఆ చివర పట్టుకునేది ఈవిడే, ఈ చివర ఆమె.

"మీ ఫోనుకి రొట్టె వాసన వస్తుందే అమ్మాయ్. ఆకలేస్తే కొరుక్కు తినేయొచ్చు."

"మా ఆయన జేబులో ఉంటుందిగా పిన్నీ."

"ఇంకా ఆ పగిలిన గాజుపెంకునే మోస్తున్నారా. మీ అమ్మాయికి ఉద్యోగం వచ్చిందన్నావు, కొనివ్వమనరాదూ."

"అంటే కొనేస్తుంది," అంది ఆమె. ఎందుకు అనలేదో ఆమెకే తెలియదు.

అనకపోయినా కూతురు ఊరుకునే మనిషి కాదు. చిన్నప్పుడు ఆ పిల్ల గొంతు విని తండ్రి దానికి గంట అని పేరు పెట్టాడు. పగటిపూట తండ్రి నిద్రపోయే ఇంట్లో, అందరూ మునివేళ్ళ మీద నడిచే ఇంట్లో అలాంటి గొంతు ఎలా పుట్టిందో దేవుడికే తెలియాలి. ఇప్పుడు కళ్ళజోళ్ళ దుకాణంలో పనిచేస్తోంది. వచ్చే నెల నుంచి వేరే ఊళ్ళో దుకాణానికి మార్చారు. ఆదివారం మధ్యాహ్నం తండ్రి నిద్రలేచి టీ గ్లాసు పట్టుకోగానే విషయం ఎత్తింది.

"నాన్నా, మీ ఇద్దరికీ చెరొక కొత్త ఫోను తీసుకుంటున్నాను. పాతది ఇచ్చేస్తే కొంత తగ్గిస్తామన్నారు. ఏమంటావు?"

ఆయన టీ ఊదుకున్నాడు. "మీ అమ్మనడుగు."

"అమ్మా?"

"మీ నాన్న ఎలా అంటే అలా."

"ఇదిగో, ఇదే. అడగనిదే అమ్మయినా పెట్టదంటారు. మన ఇంట్లో అడిగినా ఎవరూ నోరు విప్పరు. కావాలా, వద్దా?"

"ఉన్నది పనిచేస్తోందిగా," అంది ఆమె.

"ఎక్కడ పనిచేస్తోందమ్మా. మొన్న నేను మూడుసార్లు చేస్తే మూడుసార్లూ ఆరిపోయింది. రేపు నేను అక్కడ జ్వరమొచ్చి పడుకుంటే ఎవరికి చేయాలి? సగం రోజు ఫోను నీ దగ్గర, సగం రోజు నాన్న దగ్గర. నాన్నతో మాట్లాడాలంటే రాత్రిదాకా ఆగాలా?"

భార్యాభర్తలిద్దరూ టీ గ్లాసుల్లోకి చూశారు.

"ఇంకో సంగతి," అంది గంట. "చెరొక ఫోను ఉంటే నాన్న ఆ బస్సు కోసం నిలబడక్కర్లేదు. బేకరీ వ్యాను మన సందు చివరిదాకా వస్తుందిగా. మిగతావాళ్ళంతా హాయిగా అందులోనే వస్తున్నారు. నువ్వొక్కడివే ఫోను ఇవ్వాలని ఆ రద్దీలో పడి వస్తున్నావు."

ఆయన భార్య వైపు చూడబోయి కిటికీ వైపు చూశాడు. "అవును. అదీ నిజమే."

"నిజమే," అంది ఆమె కూడా.

అలా నిర్ణయమైపోయింది. ఇద్దరూ ఒప్పుకున్నారు, ఇద్దరిలో ఒక్కరూ కావాలని అనలేదు.

మర్నాడే కొత్త ఫోన్లు వచ్చాయి. పాత సిమ్ము తల్లి ఫోనులో వేసింది గంట. తండ్రికి కొత్త నంబరు తెచ్చి, తల్లి ఫోనులో దాన్ని 'నాన్న' అని రాసిపెట్టింది. భర్త పేరు తన ఫోనులో నాన్న అని ఉండటం చూసి ఆమెకి నవ్వొచ్చింది గాని మార్చమని అడగలేదు. మార్చి ఏమని రాయమనాలి. పాత ఫోను బల్ల సొరుగులో పడింది. దాని ఛార్జరు పోతుందేమోనని గంట ముందే తన బ్యాగులో వేసుకుంది, రెండూ కలిపి వారంలోగా దుకాణంలో ఇవ్వాలట.

తెల్లారి ఆమె స్టాపుకి వెళ్ళింది. బస్సు వచ్చింది. మెట్టు మీద ఎవరో కాలేజీ పిల్లవాడు ఉన్నాడు. అతను దిగాడు, ఆమె ఎక్కింది. వ్యాను ఇల్లు చేరేసరికి ఆమె బయల్దేరిపోయి ఉంటుంది. సాయంత్రం ఆమె వచ్చేసరికి వ్యాను ఆయన్ని ఎక్కించుకుని పోయి ఉంటుంది. కంచం కడిగి బోర్లించి ఉంటుంది. తువ్వాలు తడిగా ఉంటుంది. ఇంట్లో మనిషి ఉన్నాడని అవి చెప్పాలి.

మొదటి రోజు మధ్యాహ్నం ఫోను మోగింది. నాన్న అని కనిపించింది. ఆమె ఒక్క క్షణం చనిపోయిన తన తండ్రి అనుకుని ఉలిక్కిపడి, తర్వాత ఎత్తింది.

"ఏంటండీ?"

"ఏం లేదు. పనిచేస్తోందా అని."

"చేస్తోంది."

"మాట బాగా వినిపిస్తోంది."

"ఆ. బాగా వినిపిస్తోంది."

వినిపించడానికి మాట ఉండాలి గదా. "ఉంటాను," అని ఆయన పెట్టేశాడు. మళ్ళీ చేయలేదు. ఆమె కూడా చేయలేదు. నిద్రపోతుంటాడనుకుంది. ఆమె పనిలో ఉంటుందని ఆయన అనుకుని ఉంటాడు.

లాండ్రీలో దుప్పట్లు మడతపెట్టేటప్పుడు చెరొక చివర పట్టుకుని దూరంగా నిలబడాలి. దులిపి, ఎదురెదురుగా నడిచి, అంచులు కలపాలి. మళ్ళీ వెనక్కి. ఆ వారం ఆమె ఎన్నిసార్లు అంచులు కలిపిందో, ప్రతిసారీ చెయ్యి అవతలి చేతికి తగలగానే ఒక్క క్షణం ఆగిపోయేది. పెద్దావిడ, "ఏమ్మా, ఒంట్లో బాగాలేదా," అంది. బాగానే ఉన్నానంది ఆమె. కొత్త ఫోనుని ముక్కు దగ్గర పెట్టుకుని చూసింది. దానికి ఏ వాసనా లేదు. బాధ కలుగుతుందేమోనని చూసింది. అదీ కలగలేదు.

ఆదివారం గంట సొరుగు లాగి చూసింది. పాత ఫోను లేదు.

"అమ్మా, ఇందులో ఫోను ఏది?"

"అక్కడే ఉండాలే."

"లేదు. రేపటిలోగా ఇవ్వకపోతే తీసుకోరు. నాన్నా, నువ్వు చూశావా?"

"నాకేం తెలుసు," అన్నాడాయన, కంచంలోంచి తల ఎత్తకుండా.

"ఇంట్లో వస్తువుకి కాళ్ళొచ్చాయా మరి? అమ్మా, నువ్వే దాచావు. నీకు మొదటి నుంచీ ఇష్టం లేదు."

"నేను తియ్యలేదే."

"ఇష్టం లేకపోతే ఆ మాట మొహం మీద చెప్పొచ్చుగా. నా మొదటి జీతం అమ్మా. ఎంత ఆశపడి తెచ్చానో తెలుసా? ఒక్కరైనా బాగుందన్నారా? మీ ఇద్దరి ముందూ మాట్లాడటం చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే." దాని గొంతు పక్కింటిదాకా పోయి ఉంటుంది. ఆ తర్వాత ఉన్నట్టుండి తగ్గింది. "చిన్నప్పటి నుంచీ ఇదే. బియ్యం అయిపోయాయని నాన్నకి చెప్పు, కాళ్ళ నొప్పని అమ్మకి చెప్పు. మీ ఇద్దరి మధ్య మాటలన్నీ నేనే మోశాను. వచ్చే నెల నుంచి నేనుండను. అప్పుడెవరు మోస్తారు? అందుకే కొన్నాను ఫోన్లు. నా కోసం కాదు."

భర్త లేచి చెయ్యి కడుక్కున్నాడు. సందు చివర వ్యాను హారను మోగింది. చెప్పులేసుకుని, గుమ్మంలో ఒక్క క్షణం నిలబడి వెళ్ళిపోయాడు. గంట లోపలికి పోయి తలుపేసుకుంది. ఆమె కంచాలు కడిగింది. కూతురి మాటల్లో ఒక్కటీ అబద్ధం కాదు. అది తెలిసి కూడా ఒక్క కన్నీటిచుక్క రాకపోవడం చూసి, తనలో ఏదో చచ్చిపోయిందని అనుకుంది.

సోమవారం ఉదయం బస్సు వచ్చి ఆగింది. ఆమె తల వంచుకునే మెట్టు మీద కాలు పెట్టబోయింది. ఎదురుగా పిండి అంటిన చెప్పులు కనిపించాయి.

ఆయన దిగాడు. చొక్కా జేబులో చెయ్యి పెట్టి, పగిలిన ఆ పాత ఫోను తీసి ఆమె ముందుకు చాచాడు.

"తీసుకో."

ఆమె ఫోను వైపూ ఆయన వైపూ చూసింది. "అందులో సిమ్ము లేదుగా."

"లేదు."

"ఛార్జింగు?"

"అదీ లేదు. ఆరిపోయింది."

"మరి ఎందుకండీ?"

"ఇవ్వడానికి," అన్నాడు.

ఆమె తీసుకుంది. వెచ్చగా ఉంది. రొట్టె వాసన వచ్చింది. ఆ వెచ్చదనం అరచేతికి తగలగానే, ఇన్నాళ్ళూ ఎక్కడ గడ్డకట్టి ఉన్నాయో, కళ్ళలోంచి నీళ్ళు జలజలా కారిపోయాయి.

"ఎక్కుతావా లేదా అమ్మా," అన్నాడు డ్రైవరు.

"నువ్వు పో నాయనా," అంది ఆమె. ఇన్నేళ్ళలో ఆ బస్సుని ఆమె వదిలేయడం అదే మొదటిసారి.

స్టాపులో బల్ల మీద ఇద్దరూ కూర్చున్నారు. ఆయన చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని రోడ్డు వైపు చూస్తూ మాట్లాడాడు. "మొన్న కూడా వచ్చాను. వ్యాను దిగి పరిగెత్తాను. బస్సు కదిలిపోయింది."

"మొన్ననా?"

"అటు మొన్న కూడా. నేనేమో లావయ్యాను, అందుకోలేకపోయాను. అందుకని ఇవాళ వ్యాను మానేశాను."

ఆమె కొంగుతో మొహం తుడుచుకుంది. "నేను కిటికీ పక్కన ఇటువైపే కూర్చున్నాను, రోజూ. ఎందుకు కూర్చుంటున్నానో నాకే తెలియలేదు."

"కోపమొచ్చిందా నీకు?"

"ఏమీ రాలేదండీ. అదే భయమేసింది."

ఆయన తలూపాడు. ఆయనకీ అదే భయమని ఆమెకి అప్పుడు అర్థమైంది. తర్వాత ఆయన కాళ్ళ నొప్పి గురించి చెప్పాడు. ఆమె పెద్దావిడ వేళాకోళాల గురించి చెప్పింది. కూతురు వెళ్ళిపోతే ఇల్లు ఎలా ఉంటుందో ఇద్దరూ చెప్పలేకపోయారు. తర్వాతి బస్సు వచ్చింది.

"సాయంత్రం తెచ్చివ్వు," అన్నాడాయన.

"తెస్తాను."

సాయంత్రం బస్సులో ఆమెకి కూతురు కనిపించింది. దుకాణం నుంచి త్వరగా బయల్దేరిందట. నిన్నటి మాటలు ఇద్దరి మధ్యా ఉన్నాయి గాని ఇద్దరూ వాటిని కదపలేదు. స్టాపు రాగానే ఆమె ముందు దిగింది. ఆయన కింద నిలబడి ఉన్నాడు. ఆమె సంచిలోంచి పాత ఫోను తీసి ఆయన చేతిలో పెట్టింది. ఆయన దాన్ని జేబులో వేసుకుని పైన చేత్తో ఒకసారి తట్టుకున్నాడు. అప్పుడు ఆయన కళ్ళు భార్య భుజం మీదుగా మెట్టు మీదున్న కూతురి మీద పడ్డాయి. ఆమె కూడా వెనక్కి తిరిగింది.

గంట ఆ జేబు వైపు చూస్తోంది. రోజూ ఆలస్యంగా వచ్చే పిల్ల, ఈ ఇచ్చిపుచ్చుకోవడం ఎప్పుడూ కళ్ళతో చూడలేదు. ఏదో అనబోయి ఆగిపోయింది. దాని గొంతు మూగబోవడం కన్నతల్లి కూడా ఎప్పుడూ చూడలేదు.

"అదీ... నేనే తీశానే," అన్నాడు తండ్రి. "ఇచ్చేస్తాలే."

గంట కిందికి దిగింది. బ్యాగు తెరిచి, అడుగునంతా వెతికి, చుట్టచుట్టిన పాత ఛార్జరు బయటికి తీసింది. దాని కొసకి కూడా పిండి అంటి ఉంది. కళ్ళు తుడుచుకుంటూనే దాన్ని తండ్రి చేతిలో పెట్టింది.

"ఇది కూడా ఉంచుకో నాన్నా," అంది, చాలా చిన్న గొంతుతో.