రెండుసార్లు లెక్కేసిన పల్లె

“ఎర్రనీరు దిగిందాండీ?”

ధవళేశ్వరం బ్యారేజీ పక్కన మొక్కజొన్న పొత్తులు కాలుస్తున్న మనిషిని నాగదుర్గ అడిగింది.

“దిగిందమ్మా. పులస ధరే దిగలేదు.”

కోడ్ కలిసింది. ఆ మనిషి సీక్రెట్ సర్వీస్ చీఫ్ పెద్దిరాజు. ఆయన పేరు చెబితే విదేశీ ఏజెంట్లకు నిద్ర పట్టదు. ఆయన కాల్చిన పొత్తులు మాత్రం కుక్క కూడా ముట్టదు.

“ఆ విదేశీ ముఠా బాస్ పేరు హార్లన్,” చెప్పాడు పెద్దిరాజు, విసనకర్ర ఆపకుండా. “మన నదీముఖం మొత్తం కావాలతనికి. అడ్డం మీ పల్లె పడవలు. అందుకని ఓ హెల్త్ స్టడీ చేయించాడు. గోదావరి చేప రోజూ తింటే కిడ్నీ జబ్బట. మధ్యాహ్నం రాజమండ్రి హోటల్లో ప్రభుత్వ కమిటీ చైర్మన్ ఉదయ్‌కుమార్ గారు సంతకం పెడితే, వేట బంద్.”

“మా అమ్మ బతికేది ఆ చేప మీదేనండి.”

“అందుకే నిన్ను పిలిచాను. లోపల మన ఏజెంట్ డాక్టర్ హేమశ్రీ ఉంది. లెక్క సరైనదేనంటోంది. కై-స్క్వేర్ 4.2.”

నాగదుర్గ నొసలు ముడిపడింది. సర్వీసులోకి రాకముందు ఆమె చదివింది పబ్లిక్ హెల్త్. చేప రోజూ తినేవాళ్లు, ఎప్పుడో తినేవాళ్లు, జబ్బున్నవాళ్లు, లేనివాళ్లు. మొత్తం నాలుగు గళ్లు. తిండికీ జబ్బుకీ సంబంధమే లేకపోతే ఏ గడిలో ఎందరుండాలి, నిజానికి ఎందరున్నారు? ఆ తేడాను తూచే తక్కెడే కై-స్క్వేర్. 3.84 దాటిందంటే యాదృచ్ఛికమని కొట్టిపారేయడం కష్టం.

తక్కెడ మంచిదే. అందులో ఏం పోశారన్నదే ఆమె అనుమానం.

గట్టు దిగితే అమ్మ మరిడమ్మ టార్పాలిన్ గుడిసె. అంతర్వేది దగ్గర సముద్రం మీద బతికే పల్లె పల్లెంతా, ఏటా గోదావరికి వరద ఎర్రనీరు రాగానే పులస చేపల కోసం ఇక్కడికి ఎగబాకి గుడిసెలు వేసుకుంటుంది. మరిడమ్మ లెక్కలో కూతురు ఢిల్లీలో గుమస్తా.

“చిక్కిపోయావేంటే, తిను,” అంటూ క్యారేజీ గిన్నెలో చద్దన్నం పెట్టింది. పక్కనే అచ్చం అలాంటి క్యారేజీ ఇంకోటి.

“రెండెక్కడివమ్మా?”

“కిడ్నీ క్యాంపులో ఇచ్చారు. ఎండాకాలం అంతర్వేదిలో ఒకటి, మొన్న ఇక్కడొకటి. మనోళ్లందరికీ రెండేసి. ఇక్కడ వేరే పేరు చెప్పమందే ఆ పట్టుచీర డాక్టరమ్మ. పాపాయి అని చెప్పాను.”

నాగదుర్గ గిన్నె పక్కన పెట్టేసింది. అమ్మను ఇద్దరు మనుషుల్ని చేశారు. అమ్మ నోటి దగ్గర కూడు లాక్కోవడానికి అమ్మనే వాడుకున్నారు. ఒళ్లు మండిపోయింది.

“అమ్మా, అందర్నీ పిలువు. రెండు క్యారేజీలూ తెమ్మను.”

మధ్యాహ్నం హోటల్ ఏసీ హాల్లో సమోసాల ట్రే పట్టుకున్న సర్వర్ మన నాగదుర్గే. చెవికమ్మలో మైక్. వేదిక మీద హార్లన్, పక్కన నెమలికంఠం రంగు పట్టుచీరలో హేమశ్రీ. ఉదయ్‌కుమార్ పెన్ను క్యాప్ తీశాడు.

“సార్, ఆగండి!” ట్రే దించింది నాగదుర్గ. “కై-స్క్వేర్‌కి ఒక మనిషిని ఒక్కసారే లెక్కెయ్యాలండి. వీళ్లు పల్లె మొత్తాన్నీ రెండుసార్లు వేశారు. అలా వేస్తే చేపకీ జబ్బుకీ సంబంధం పెరగదు, విలువ మాత్రం రెట్టింపవుతుంది. అసలు విలువ 2.1. 3.84 గీత దరిదాపుల్లో లేదు.”

“ఎవర్రా ఈ సర్వర్? బయటికి పంపండి!” హేమశ్రీ అరిచింది. “సంతకం పెట్టండి సార్. ఆధారమేదీ లేదు.”

“వస్తోందండి,” అని నాగదుర్గ కమ్మ నొక్కింది.

తలుపులు తెరుచుకున్నాయి. చేతికో క్యారేజీ చొప్పున పట్టుకుని పల్లె పల్లెంతా లోపలికొచ్చింది. హాలంతా చేపల వాసన. క్యారేజీలన్నిటి మీదా కిడ్నీ క్యాంపు ముద్రే.

హేమశ్రీ హ్యాండ్‌బ్యాగ్‌లోంచి పిస్టల్ తీసి నాగదుర్గకు గురిపెట్టింది. మరిడమ్మ క్యారేజీ గిర్రున తిరిగి ఆ మణికట్టు మీద పడింది. సర్వీస్ ఇచ్చిన ఏ ఆయుధమూ అంత మోత మోగించలేదు.

వంటగదిలోంచి పెద్దిరాజు మనుషులు దూకారు. హార్లన్‌కు, హేమశ్రీకి బేడీలు పడ్డాయి.

“అయితే చేప మంచిదని తేలినట్టేనా?” ఉదయ్‌కుమార్ పెన్ను మూస్తూ అడిగాడు.

“కాదండి. చెడ్డదని తేలలేదు, అంతే. ఈసారి నిజాయతీగా లెక్కేయించండి, ఏం తేలినా మేం వింటాం. దొంగలెక్కకి మాత్రం ఒక్క పడవ కూడా ఒడ్డెక్కదు.”

పెద్దిరాజు తల వంచుకున్నాడు. “హేమశ్రీని మేమూ మన మనిషనే లెక్కేశాం, వాళ్లూ వాళ్ల మనిషనే లెక్కేశారు. అమ్మా మరిడమ్మగారూ, సాక్ష్యం కింద ఆ క్యారేజీల్లో ఒకటివ్వండి.”

మరిడమ్మ రెండూ చంకన పెట్టుకుంది.

“ఫొటో తీసుకోండి బాబూ. నన్ను ఇద్దర్ని చేసింది వాళ్లే కదా, ఇద్దరి క్యారేజీలూ నావే.”